చిక్కుడు మొలవని చోటు

మా వీధి చివరి చేలో శవం ఉందన్న మాట అబద్ధం. ముందు ఆ ముక్క చెప్పేసి తర్వాత మిగతాది చెబుతాను. ఎందుకంటే మా వీధిలో కథ సగం విని లేచిపోయేవాళ్లే ఎక్కువ. సగమే విన్నవాళ్లయినా ఇది విని లేవాలి: డబ్బా తన అన్నను చంపలేదు, అక్కడ పాతిపెట్టనూ లేదు.

ఆ మాట మొదట అన్నది ఇస్త్రీ బండాయన. "చేను మధ్యలో మంచమంత చోటు మొలవటం లేదంటే కింద ఏముంటుందమ్మా, మీరే చెప్పండి" అన్నాడట ఎవరితోనో. బట్టలకు మడతలు తీసేవాడు, మాటకు మాత్రం మడతలు పెడతాడు. సాయంత్రానికి ఆ మాట వీధి దాటింది. నిజం చెప్పాలంటే, వీధి దాటించిన వాళ్లలో నేనూ ఉన్నాను. అందుకే ఇప్పుడు దాన్ని వెనక్కి తెచ్చే పని కూడా నా మీదే పడింది.

డబ్బా అంటే మా పక్కింటాయన. పాతికేళ్లుగా వీపుకు నీలంరంగు ట్యాంకు తగిలించుకుని, ఎవరు పిలిస్తే వాళ్ల చేలో మందు కొట్టిపెట్టడం అతని పని. ఎడమచేత్తో పంపు పిడి కిందికీ పైకీ ఆడిస్తూ, కుడిచేత్తో గొట్టం పట్టుకుని, సాలు వెంట సాలు నడుస్తాడు. ట్యాంకు దించేసినా వీపు మీంచి దిగదు అతనికి. వంగే నడుస్తాడు. కుర్చీలో కూర్చుంటే వీపుకూ కుర్చీకీ మధ్య బెత్తెడు ఖాళీ వదిలేస్తాడు, ట్యాంకు ఇంకా అక్కడే ఉన్నట్టు. ఎడమచెయ్యి ఊరుకోదు. టీ తాగుతున్నా, వానకు కిటికీ దగ్గర కూర్చున్నా, మోకాలి మీద అది దాని పాటికి కిందికీ పైకీ ఆడుతూనే ఉంటుంది. మాట్లాడుతూ మాట్లాడుతూ మనం ఆ చేతి వంకే చూస్తూ ఉండిపోతాం.

ఆ ఇంట్లో మూడేళ్ల కిందటి దాకా ముగ్గురుండేవాళ్లు. ముందుగదిలో వదిన కుట్టుమిషను. నడిమిగదిలో అన్నావదినలు. వెనకగదిలో డబ్బా. ఆ వెనక సిమెంటు గట్టు, కొళాయి, కాలవ. ట్యాంకు కడిగేది అక్కడే. ఆ కాలవ పక్కన నేల నల్లగా, ఎప్పుడూ తడిగా, గడ్డిపరక లేకుండా ఉంటుంది.

అన్న మనిషి వేరు. పారతో తవ్వి కలుపు తీయాలే తప్ప మందు కొట్టకూడదనేవాడు. తమ్ముడికి బతుకే మందు. చేను చూస్తే ఇద్దరిదీ. ఇక చెప్పేదేముంది, రోజూ గొడవే.

"నువ్వు గడ్డికే పోస్తున్నాననుకుంటున్నావు. నేల కూడా తాగుతుందిరా. తాగింది మర్చిపోదు" అనేవాడు అన్న.

"నేల మర్చిపోదు సరే, నా నడుము మాత్రం మర్చిపోతుందా? తవ్వేది నువ్వొక్కడివేనా?" అనేవాడు తమ్ముడు.

చివరికి ఇద్దరికీ మాటలు పోయాయి. నెలరోజులు ఒకే గదిలో కూర్చుని, మధ్యలో వదినకు చెప్పుకునేవాళ్లు. "వదినా, ఉప్పు ఆయన పక్కనుంది, ఇటు జరపమను." "ఏమే, చేతులున్నాయిగా, తీసుకోమను." ఆవిడ మిషను ఆపకుండానే, "ఉప్పు కూడా విసుగొచ్చి లేచిపోతుంది మీ మధ్య నుంచి" అనేది. మేం నవ్వుకునేవాళ్లం. ముందు మాట్లాడినవాడు ఓడినట్టని ఇద్దరిదీ పట్టుదల.

లేచిపోయింది ఉప్పు కాదు. ఒక రోజు పొద్దున్న పదిగంటల వేళ అన్న చేతిసంచీలో రెండు జతల బట్టలు పెట్టుకుని వెళ్లిపోయాడు. వదిన కుట్టిన బట్టలు ఇచ్చి రావటానికి వెళ్లి వచ్చేసరికి గుమ్మం తీసి ఉంది, చెప్పులు లేవు. ఆ రోజు ఆవిడ వీధిలో ప్రతి గుమ్మం ఎక్కి ఒకటే అడిగింది: "ఎటు వెళ్లాడో చూశారా?" అందరికంటే ముందు అడిగింది మరిదినే. చేలోంచి అప్పుడే వచ్చి, కొళాయి దగ్గర కాళ్లు కడుక్కుంటున్నాడు.

"పనిలో ఉన్నాను వదినా. చూడలేదు" అన్నాడు.

పోలీసు ఒకాయన వచ్చి, వయసొచ్చిన మగవాడు సంచీ సర్దుకుని పోతే మేమేం చేస్తామని రాసుకుని పోయాడు. అంతే. ఉత్తరం లేదు, ఫోను లేదు.

ఆ పంటకాలం మొక్కజొన్న బాగానే పండింది. తర్వాత చిక్కుడు వేశారు. చేనంతా పచ్చగా లేచింది, ఒక్కచోట తప్ప. అక్కడా మొలిచింది, అబద్ధమెందుకు. మొలిచి, రెండాకులు విప్పి, అందరినీ నమ్మించి, పదోరోజుకు ఆకు అంచులు పసుపురంగు తిరిగి, తర్వాత కాలిన కాగితంలా ముడుచుకుంది. పన్నెండోరోజుకు అక్కడ మట్టి తప్ప ఏమీ లేదు. ఆ పైయేడూ అంతే. మూడోయేడూ అంతే. చుట్టూ పందిళ్లెక్కిన తీగలు, మధ్యలో మంచమంత బోసినేల.

వదిన మరిదిని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. అతని కంచం వడ్డించి, మూతపెట్టి, మిషను బల్ల మీద ఉంచి, అతను తిని లేచేదాకా మా ఇంటికొచ్చి కూర్చునేది. చేలోకి వెళ్లినప్పుడు ఆ చోటు చుట్టూ తిరిగి పోయేది, కాలు మోపేది కాదు. పడుకున్నవాళ్లను తప్పుకుని నడిచినట్టు నడిచేది.

ఊరుకోలేక ఒకరోజు నేనే అన్నాను, "తమ్ముడూ, ఇంత రభసెందుకు? పార తీసుకుని తవ్వి చూపించెయ్యి. పీడా పోతుంది."

పార తీసుకున్నాడు కూడా. వదినే అడ్డం వచ్చింది.

"తవ్వితే ఆయన ఉన్నాడనుకో అక్కా, చూడలేను. లేడనుకో, మరి ఎక్కడున్నాడు? అదీ చూడలేను" అంది. తర్వాత మరిది వంక తిరిగి, మూడేళ్లలో మొదటిసారి అతనితో సూటిగా మాట్లాడింది. "అక్కడ ఏదైనా మొలిచి నిలబడిన రోజు నమ్ముతాను, కింద ఎవరూ లేరని. అందాకా నన్ను నమ్మమని అడక్కు."

మర్నాడు అతను ఆ చోటి మట్టి చేతిరుమాల్లో మూట కట్టుకుని భూసార పరీక్షల ఆఫీసుకు నడిచివెళ్లాడు.

ఆ ఆఫీసు నుంచి వచ్చినావిడను మేం మట్టి మేడమ్ అంటాం. పొట్టిగా ఉంటుంది, మాట తక్కువ, గోళ్లలో ఎప్పుడూ మట్టి. బోసినేలలోంచి, దాని చుట్టూరా, అడుగు అడుగుకూ ఒక గొట్టం దింపి మట్టి తీసింది. తీసిన మట్టిని కాగితం కప్పుల్లో పోసి, ఒక్కోదాంట్లో మూడేసి దోసగింజలు గుచ్చింది. కప్పులకు ఎండ కావాలంది. డబ్బా ఇంట్లో ఎండ రాదు. మా వంటింటి కిటికీగట్టు పొడుగ్గా ఉంటుంది, అక్కడ పెట్టుకోమన్నాను. పుణ్యం కోసం అనుకునేరు, ముందుగా చూడొచ్చని.

మొక్కజొన్నను ఏమీ చెయ్యని ఈ కలుపుమందు ఏ మాత్రం ఉన్నా దోసమొలక తట్టుకోలేదట. అందుకే దాన్ని సాక్షిగా పెడతారట. నలభై కప్పుల్లోనూ మొలకలు లేచాయి. తొమ్మిదోరోజు పొద్దున్న కిటికీ తెరిస్తే పదిహేను కప్పుల్లో ఆకుల అంచులు పసుపురంగు తిరిగి ఉన్నాయి. పదకొండోరోజుకు అవి తలలు వాల్చేశాయి. పక్క కప్పులు మాత్రం నవనవలాడుతున్నాయి. అరుపూ లేదు, ఏడుపూ లేదు. మా వంటింట్లో పదిహేను చావులు వరసగా జరిగిపోతుంటే నేను టీ కాచుకున్నాను.

మేడమ్ చచ్చిన కప్పుల నంబర్లు చూసుకుని, చేలో ఆ మట్టి తీసిన చోటల్లా ఒక పుల్ల గుచ్చింది. డబ్బా, నేను పక్కన నిలబడ్డాం. మంచంలా ఉందనుకున్నది మంచం కాదు. పుల్లలన్నీ గుచ్చాక చూస్తే విసనకర్రలా ఉంది. ఒక కొస సన్నం, రెండో కొస వెడల్పు.

ఆవిడ సన్నకొసలో నిలబడి, గొట్టం పట్టుకున్నట్టు కుడిచెయ్యి చాచి, ఇటూ అటూ ఊపి చూసుకుంది. చెయ్యి అందినంత మేరా పుల్లలున్నాయి.

"ఇది నడుస్తూ కొట్టింది కాదు" అంది. "ట్యాంకుకు ట్యాంకు ఇక్కడే పోయింది. నిలబడి పోశారు."

"పైపు లీకయ్యుంటుంది మేడమ్" అన్నాడు డబ్బా.

ఆవిడ పుస్తకంలో ఏదో రాసుకుంది. వాళ్లు అటు తిరిగాక నేను వెళ్లి ఆ సన్నకొసలో నిలబడ్డాను. ఎదుటివాళ్లు ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే అలవాటు నాది, ఏం చేయను. అక్కడ నిలబడితే ముఖం తిన్నగా రోడ్డుకే ఉంటుంది. మా వీధి మొదలు నుంచి మలుపు దాకా రోడ్డంతా కనిపిస్తుంది. మలుపు తిరిగితే బస్సులు ఆగే చోటు. జీవితంలో మొదటిసారి ఒక సంగతి కనిపెట్టి ఎవరికీ చెప్పకుండా ఇంటికొచ్చాను.

మందు విరుగుడుకు మేడమ్ చెప్పిన ఉపాయం వింటే మీరూ నమ్మరు. ఆ విరుగుడు ఎక్కడి నుంచో తేలేదు, డబ్బా పెరట్లోనే ఉంది. ట్యాంకు కడిగే కాలవ పక్కన, ఆ గడ్డి కూడా మొలవని నల్లమట్టిని చెంచాతో తీసి సీసాలో వేసుకుంది.

"ఇరవై అయిదేళ్లు ఇక్కడ కడిగారు కదా. వేరే తిండి దొరక్క, ఆ మందునే తినడం నేర్చుకున్నవి ఇక్కడ ఉండే ఉంటాయి."

"ఏవి మేడమ్?"

"కంటికి కనపడని పురుగులు. బ్యాక్టీరియా అంటాం. మందుని కొరికి, ముక్కలు చేసి, ఆ ముక్కలు తిని బతుకుతాయి. వాటికది అన్నం. నేల దానంతటదే కోలుకుంటుంది, మొక్కకీ బలమొస్తుంది."

డబ్బా కాలవ వంక భయంగా చూశాడు. పాతికేళ్లు తన చేతి కిందే, తను పోసిన విషం తిని, తనకు తెలియకుండా ఓ సంసారం పెరిగింది. "ఎన్నుంటాయి?" అన్నాడు.

"మీ పిడికెడు మట్టిలో ఈ ఊరి జనంకంటే ఎక్కువ."

అతను పిడికిలి విప్పి చూసుకుని, మళ్లీ మెల్లగా మూసుకున్నాడు.

రెండునెలలకు ఆవిడ వాటిని ఆఫీసులో పెంచి క్యానులో పోసి తెచ్చింది. మబ్బునీళ్లలా ఉన్నాయి, వానపడ్డ మట్టివాసన. నీడన ఉంచాలి, ఎండ దిగాక పోయాలి, నేల ఆరనివ్వకూడదు. డబ్బా చెప్పింది చెప్పినట్టు చేశాడు. నెల తర్వాత మళ్లీ ఆ మట్టి కప్పుల్లోకి, కప్పులు మా కిటికీలోకి. పదోరోజుకు ఆకులు మళ్లీ అంచుల దగ్గర పసుపురంగు తిరిగాయి.

వదిన వచ్చి కప్పుల ముందు నిలబడింది. కాలిన ఆకును వేలితో తాకింది. "ఆయనకి ఇష్టం లేదేమో అక్కా" అని వెళ్లిపోయింది. ఆ మాట విన్నాక మా కిటికీ ముందు కూర్చోవాలంటే నాకే భయమేసింది.

కానీ భయంకంటే నాకు ఆరా ఎక్కువ. డబ్బా పెరట్లోకి వెళ్లి, ఆ నీళ్లు పోసిన నీలంట్యాంకు మూత తీసి వాసన చూశాను. ముక్కు మండింది. బ్లీచింగ్ పౌడరు.

"ఇదేంటి తమ్ముడూ?"

"ప్రాణమున్నవాటిని మొయ్యాలి కదక్కా. లోపల పాతమందు ఉంటుందేమోనని కడిగాను. మూడుసార్లు కడిగాను."

పాతికేళ్లలో ఆ ట్యాంకుకు నీళ్లు తిప్పి పారబోయడం తప్ప ఏనాడూ సరిగ్గా కడిగినవాడు కాదు. ఇన్నేళ్లకు భక్తిగా కడిగి, మోయాల్సిన ప్రాణాలన్నిటినీ ట్యాంకులోనే చంపేశాడు. మేడమ్ తిట్టలేదు. "ఏ మందు పోసినా బతికినవి, ఒక్క శుభ్రానికి చచ్చిపోయాయి" అని మాత్రం అంది. అతను ఆ రోజు అన్నం తినలేదు. మూతపెట్టిన కంచం అలాగే ఉండిపోయింది. వదిన చూసింది. ఆ మర్నాడు కంచం పెట్టాక మా ఇంటికి రాలేదు. మిషను దగ్గరే కూర్చుంది.

రెండోసారి క్యాను వచ్చినప్పుడు ట్యాంకు ముట్టుకోలేదు. కొత్త బకెట్టు, కొత్త మగ్గు. రోజూ ఎండ దిగేవేళ బకెట్టు మోసుకెళ్లి ఆ చోట్లో మగ్గుతో చిలకరించి, చేత్తో మట్టి కలిపి, మళ్లీ మామూలునీళ్లతో తడిపేవాడు. దూరం నుంచి చూసేవాళ్లకు అదెలా కనిపిస్తుంది? చచ్చినవాడికి నీళ్లు వదులుతున్నాడన్నారు. పశ్చాత్తాపమన్నారు. ఇస్త్రీ బండాయనైతే పెట్టెలో బొగ్గులు ఆరిపోయేదాకా చెప్పాడు.

ఒకరోజు నేను గట్టు మీద నుంచి వెనగ్గా వెళ్లాను. అతను మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. ఎడమచెయ్యి బురదలో ఉంది, అదొక్కటే ఆ పూట ఆడటం లేదు. నేలతో మాట్లాడుతున్నాడు.

"తినండి. మొత్తం తినండి. ఏమీ మిగల్చకండి."

నేను వచ్చినంత మెల్లగా వెనక్కి వచ్చేశాను. నిజంగానే కింద ఎవరో ఉండి వింటున్నట్టు అనిపించింది. వెలుగు ఇంకా ఉంది, అయినా వీధిలోకి వచ్చేదాకా వెనక్కి తిరిగి చూడలేదు.

ఈసారి కప్పులు కిటికీలో పెట్టిన దగ్గర్నుంచి వదిన రోజూ వచ్చింది. తొమ్మిదోరోజు వచ్చింది. పదోరోజు వచ్చింది. పదకొండోరోజు ఇద్దరం మాట్లాడుకోకుండా ఒక్కో ఆకు అంచు చూశాం. ఆకుపచ్చగానే ఉంది. పదిహేనోరోజుకు దోసతీగలు నా కిటికీ ఊచలు పట్టుకున్నాయి. డబ్బాకు చెబితే, "కప్పులో సరే. చేలో చూడాలి" అన్నాడు. చేలో చిక్కుడు వేశారు.

ఇరవైమూడోరోజు వదినే నన్ను పిలిచింది. ముగ్గురం వెళ్లాం. మేడమ్ గుచ్చిన పుల్లలు ఇంకా ఉన్నాయి. వాటి మధ్య చిక్కుడు మొక్కలు, చుట్టుపక్కల వాటికంటే కాస్త పొట్టివి, కానీ నిలబడ్డాయి. ఒకటి దగ్గర్లో ఇంకేమీ దొరక్క మేడమ్ పుల్లనే చుట్టుకుని పైకి పోతోంది.

వదిన చెప్పులు విప్పింది. మూడేళ్లలో మొదటిసారి ఆ చోట్లో కాలు మోపింది. కూర్చుని, రెండు మొక్కల మధ్య మట్టి మీద అరచెయ్యి ఆనించింది.

"లేడు" అంది.

"లేడు వదినా" అన్నాడు డబ్బా. అతని వీపు, నా కళ్లతో చూశాను కాబట్టి చెబుతున్నాను, నిటారుగా అయింది. చిన్నపిల్లవాడికి బడిలో మంచి మార్కులొచ్చినట్టు నా వంక చూశాడు.

ఆవిడ లేచింది. మొక్కలు తొక్కకుండా పుల్లల వెంట ఒక్కో అడుగే వేసుకుంటూ వెనక్కి నడిచింది. అలా నడిచి విసనకర్ర సన్నకొసకు వచ్చి ఆగి, చెప్పులకోసం తల ఎత్తింది. ఎత్తిన తల అలాగే ఉండిపోయింది. మా వీధి మొదలు నుంచి మలుపు దాకా రోడ్డంతా ఆవిడ ఎదురుగా ఉంది.

గాలి లేదు. మలుపు దగ్గర ఎవరో సైకిలు తోసుకుంటూ పోతున్నారు, ఎర్రచొక్కా. అంతదూరం నుంచి కూడా చొక్కా రంగు తెలుస్తోంది.

"ట్యాంకు మొత్తం ఇక్కడే పోశావని మేడమ్ చెప్పింది" అంది ఆవిడ, రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా. గొంతు పెంచలేదు. "పైపు లీకైందన్నావట. ట్యాంకు అయిపోయేదాకా ఇక్కడ నిలబడి ఏం చూశావు?"

డబ్బా ఎడమచెయ్యి కదలటం మొదలుపెట్టింది. కిందికీ, పైకీ. దాన్ని కుడిచేత్తో పట్టుకుని ఆపాడు.

"అన్న మలుపు దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు వదినా. నన్నే చూశాడు. నెలరోజులుగా మాటల్లేవుగా, ముందు తనే పిలుస్తాడని చూస్తూ నిలబడ్డాను. ట్యాంకు ఖాళీ అయిందని భుజం తేలికయ్యాక తెలిసింది. అప్పటికి రోడ్డు మీద ఎవరూ లేరు."